ఆరని పనస పీటలు

ఈవేళ చిన్న కథే చెబుతాను. నిన్నటిలా సాగదీయను. ఒక వడ్రంగి, రెండు పీటలు, అంతే. నువ్వు పది ఊలు కొట్టేలోపు అయిపోతుంది. దిండు సరిగ్గా పెట్టుకో, కాళ్ళు నా మీద వేయకు.

అనగనగా ఒక ఊరు, ఆ ఊళ్ళో మూడు వీధులు. మొదటి వీధి వాళ్ళకి రెండో వీధి వాళ్ళంటే పడదు. రెండో వీధి వాళ్ళకి మూడో వీధి వాళ్ళంటే పడదు. మూడో వీధి వాళ్ళు మంచివాళ్ళు, వాళ్ళలో వాళ్ళకే పడదు.

మొదటి వీధి మొగలో తాతబ్బాయి గారిల్లు. ఆయన మాట్లాడితే పొలంలో ఎడ్లు ఆగిపోయేవి. గొంతు అంత పెద్దది. చెప్పే సంగతి మాత్రం ఎప్పుడూ చిన్నదే. ఆయన భార్య గారెలు వండిన రోజున ఆ ఇంట్లో అందరూ పళ్ళు తడుముకుని చూసుకునేవారు. ఒకసారి ఆ గారె ఒకటి చూరు మీంచి పడి పిల్లికి తగిలి...

అదిగో, ఎటో పోయాను. కథ వడ్రంగిది కదూ. ఊ కొట్టు.

వడ్రంగి పేరు పేరాచారి. మూడో వీధి చివర అతని పాక. చిత్రిక పట్టాడంటే పొట్టు ఉల్లిపొరలా చుట్టలు చుట్టుకుని వచ్చేది. దేనికి ఏం పూయాలో కూడా బాగా తెలిసినవాడు. కవ్వానికి ఏమీ రాయకూడదు, దానికి మజ్జిగే పాలిష్ అనేవాడు. వీధి తలుపుకైతే అవిసె గింజల నూనె, ఎండకీ వానకీ అదే ఓర్చుకుంటుంది అనేవాడు. ఉయ్యాల బల్లకైతే స్పిరిట్‌లో కరిగించిన లక్క, దూది మూటతో పల్చగా, ఒక పూత ఆరాక ఇంకో పూత. ఇవన్నీ వాళ్ళ నాన్న నేర్పాడు.

ఒక్కటే లోపం. ఆరేదాకా ఆగలేడు. ఆరిందా లేదా అని బొటనవేలు పెట్టి చూసేవాడు. ఆ వేలిముద్ర అలాగే ఉండిపోయేది. ఊళ్ళో ఏ బల్ల చూసినా ఓ మూల పేరాచారి బొటనవేలు ఉంటుంది. జనం అది అతని సంతకం అనుకుని మురిసిపోయేవారు.

రెండో వీధిలో వరహాలమ్మ గారని ఒకావిడ ఉండేది. భర్త ఉన్నాడు గానీ ఉన్నట్టు తెలిసేది కాదు, అంత నెమ్మది మనిషి. పిల్లలు లేరు. ముప్పై ఏళ్ళుగా ఆ ఊళ్ళో ఏ పెళ్ళయినా జీలకర్ర బెల్లం నూరేది ఆవిడే. పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ ముహూర్తం వేళకి ఒకరి నెత్తి మీద ఒకరు పెట్టుకుంటారు చూడు, ఆ ముద్ద. పల్చగా నూరితే మొహం మీదికి కారుతుంది. గట్టిగా నూరితే నిలవదు, రాలిపోతుంది. వరహాలమ్మ గారు నూరితే పెట్టినచోట పెట్టినట్టు ఉండేది.

ఆవిడ చెయ్యి మంచిదనీ, ఆ చెయ్యి పడితే కాపురం కుదురుగా ఉంటుందనీ ఊరంతా నమ్మేది. పెళ్ళి ముందురోజు ఎవరో ఒకరు కుంకుమ భరిణె పట్టుకుని వెళ్ళి, ఆవిడకి బొట్టు పెట్టి పిలిచి వచ్చేవారు. ఆవిడకి ఉన్న పండగలన్నీ అవే.

అప్పుడు శ్రావణమాసం వచ్చింది. తాతబ్బాయి గారి అమ్మాయి మంగతాయారుకి పెళ్ళి కుదిరింది. ఆయన పేరాచారిని పిలిచి, పనస చెక్కతో రెండు పీటలు కావాలనీ, అద్దంలా మెరవాలనీ, మగపెళ్ళివారు అందులో మొహాలు చూసుకోవాలనీ చెప్పాడు. మగపెళ్ళివారి మొహాలు చూశాక ఆ కోరిక ఎందుకు కోరాడో ఎవరికీ అర్థం కాలేదు.

పేరాచారి పీటలు చేశాడు. గరుకు కాగితంతో రుద్దాడు, ముందు ముతకదానితో, ఆ తర్వాత సన్నదానితో. పనస చెక్క పసుపు ముద్దలా తేలింది. అంతవరకూ ఏ వంకా లేదు.

ఆ తర్వాత వాన పట్టుకుంది. మూడు రోజులు వదల్లేదు. పెళ్ళి ఇంకా రెండు రోజులే ఉంది. అవిసె నూనె డబ్బా వంచి చూస్తే చుక్క లేదు. పట్నం వెళ్ళి తేవాలంటే రేవు దాటాలి, ఏరు పొంగి పడవ ఆపేశారు. గూట్లో ఆముదం సీసా కనపడింది.

ఇది జాగ్రత్తగా విను. అవిసె నూనె చెక్కలోకి దిగి గడ్డకట్టి ఆరిపోతుంది. ఆముదం ఎన్నాళ్ళు ఉంచినా ఆరదు. నీ తలకి రాసిన ఆముదం తనంతట తను ఎప్పుడైనా ఆరిందా? లేదు కదా. ఆ సంగతి పేరాచారికీ తెలుసు. తెలిసే రాశాడు.

లక్క వేయాలంటే ఎన్నో పూతలు వేయాలి. అంత తీరిక లేదని ఆ ఆముదం మీదే వార్నిష్ కొట్టాడు. ఒకటే పూత, దిబ్బరొట్టె అంత మందంగా. పెళ్ళి రోజు పొద్దున్నే బొటనవేలు పెట్టి చూస్తే ఆరినట్టే ఉంది. పాల మీద మీగడ కట్టినట్టు పైన పొర కట్టింది, అంతే. కింద తడి కిందే ఉంది.

ముహూర్తం తొమ్మిది గంటలకి. తాతబ్బాయి గారు ఇంటికి కొత్త రంగులు వేయించాడేమో, ఎక్కడ చూసినా ఆ వాసనే. పీటల వాసన వేరేగా ఎవరికీ తెలియలేదు. అవి మాత్రం మెరిసిపోతున్నాయి. అందరూ పేరాచారిని మెచ్చుకున్నారు. అతను కొత్త కండువా వేసుకుని ముందు వరసలో నిలబడ్డాడు.

పిల్లా పిల్లవాడూ కూర్చున్నారు. జీలకర్ర బెల్లం పెట్టుకున్నారు. ఆ తర్వాత తాళి. ఆ తర్వాత తలంబ్రాలు. పురోహితుడు గారు మంత్రానికీ మంత్రానికీ మధ్య చిన్న కునుకు తీసే మనిషి. అందుకని రెండు గంటలు కూర్చునే ఉన్నారు. ఒంటి వేడికి ఆ పైపొర మెత్తబడింది.

అప్పుడు ఏడడుగులు నడవాలి, లేవండి అన్నారు. మంగతాయారు లేచింది. పీట కూడా లేచింది. జానెడు ఎత్తు లేచి దబ్బుమని కింద పడింది. పెళ్ళికొడుకు అది చూసి జాగ్రత్తగా లేచాడు. అయినా పంచె చిరిగింది. ఆ చప్పుడు వంటవాళ్ళకి కూడా వినపడింది.

మగపెళ్ళివారిలో ఒక మేనత్త ఉంది. అన్నీ తెలిసిన మనిషి ప్రతి పెళ్ళికీ ఒకావిడ వస్తుంది, ఈ పెళ్ళికి ఆవిడ వచ్చింది. పీట మీద వేలు పెట్టి, ఆ వేలు వెలుతురులో తిప్పి చూసి, బెల్లం అంది. పల్చగా నూరారు, కారింది, అంటుకుంది అంది. ఊళ్ళో వాళ్ళందరూ ఒక్కొక్కరే వంగి చూశారు. బెల్లమే అన్నారు. అంతమందిలో ఒక్కరు కూడా నాలిక మీద పెట్టుకుని చూడలేదు.

తాతబ్బాయి గారికి గొంతు ఉంది కాబట్టి వాడాడు.

"ముప్పై ఏళ్ళు అందరికీ నూరారు. మా పిల్ల దగ్గరికి వచ్చేసరికి మీ చెయ్యి చెడిందా వరహాలమ్మ గారూ?"

వరహాలమ్మ గారు మంగతాయారు తల వైపు చూసింది. ముద్ద పెట్టినచోట పెట్టినట్టే ఉంది. అది చూపించబోయింది. అప్పటికే అందరూ ఆవిడ చేతుల వైపు చూస్తున్నారు. ఆవిడ చేతులు కొంగులో దాచుకుంది.

పేరాచారి ముందు వరసలో ఉన్నాడని చెప్పాను కదా. కండువా సర్దుకుని వెనక వరసలోకి వెళ్ళాడు.

అమ్మమ్మా, ఆ పెళ్ళికి నువ్వు వెళ్ళావా అని అడక్కు. దుప్పటి కప్పుకో.

మర్నాడు ఆ పీటలు పాకకి వచ్చాయి. బెల్లం వదిలించి ఇమ్మన్నారట. పేరాచారి గోటితో గీకాడు. నాలికకి తగిలించాడు. చేదు. మంగతాయారు పట్టుచీర అంచు పీట మీద అచ్చు దిగి ఉంది, మామిడి పిందెలు వరసగా. అతను తలుపు దగ్గరికి వేసి, చిత్రిక తీసి, ఆ పిందెలన్నీ చెక్కేశాడు. పొట్టు ఊడ్చి పొయ్యిలో వేశాడు. ఆ రోజు అన్నం తినలేదు.

ఆ తర్వాత కార్తీకంలో ఒక పెళ్ళి వచ్చింది. ముందురోజు వరహాలమ్మ గారు సన్నికల్లు కడిగి ఆరబెట్టుకుంది. ఉతికిన చీర కట్టుకుని గుమ్మంలో కూర్చుంది. కుంకుమ భరిణె పట్టుకున్న వాళ్ళు ఎదురింటికి వెళ్ళారు. పక్కింటికి వెళ్ళారు. ఆవిడ గుమ్మం దగ్గరికి వచ్చేసరికి ఆకాశంలో ఏదో చూసుకుంటూ ముందుకి పోయారు. ఆకాశంలో ఏమీ లేదు. పేరాచారి ఎదురింటి కిటికీకి రెక్క బిగిస్తున్నాడు. అంతా చూశాడు.

చెప్పేద్దామని ఆ సాయంత్రం ఆవిడ ఇంటికి వెళ్ళాడు. ఆవిడ లోపలికి పిలిచి మజ్జిగ ఇచ్చింది. ఏం పని మీద వచ్చావు నాయనా అంది. అతను తలుపు వైపు చూసి, బందు వదులైనట్టుంది పిన్నిగారూ, బిగిద్దామని వచ్చాను అన్నాడు. బిగించి వచ్చేశాడు. ఆ తలుపు అంతకుముందు బాగానే ఉండేది. అతను బిగించాక కిర్రుమనడం మొదలెట్టింది.

ఆ తర్వాత మాఘమాసంలో ఇంకో పెళ్ళి. ఈసారి బొట్టు పెట్టారు. చూడటానికి రండి వరహాలమ్మ గారూ, మీకు పనేమీ పెట్టుకోం అన్నారు. ఆవిడ తల ఊపింది. వెళ్ళలేదు.

అప్పుడు పేరాచారి తాతబ్బాయి గారింటికి వెళ్ళాడు. నోరు తెరిచేలోపే ఆయన మొదలెట్టాడు. పాపం పెద్దావిడే, కానీ చెయ్యి చెడ్డాక ఏం చేస్తాం, నీ పీటలు మాత్రం పనితనమంటే పనితనం, ఆ బెల్లం వల్ల మసకబారాయి గానీ అన్నాడు. ఆయన ఆగితే కదా చెప్పడానికి. ఆగాడు కూడా. ఆగి తాంబూలం ఇచ్చి, ఏమంటావు అన్నాడు. పేరాచారి, అవునండి అన్నాడు. ఆ తాంబూలం వీధి మలుపు దాకా నోట్లో పెట్టుకుని, మింగుడుపడక ఉమ్మేశాడు.

ఆ తర్వాత వైశాఖంలో మూడో పెళ్ళి. అది వరహాలమ్మ గారి సొంత చెల్లెలి కూతురి పెళ్ళి, ఆ ఊళ్ళోనే. చెల్లెలు వచ్చి గోడ వైపు చూస్తూ చెప్పింది. అక్కా, వియ్యాలవారు పట్టింపు మనుషులు, నువ్వు రావాలి కానీ దేని మీదా చెయ్యి వేయకు అంది. వరహాలమ్మ గారు వెళ్ళింది. పందిట్లో చివరి రాట పక్కన కూర్చుంది. రెండు చేతులూ కొంగు కింద పెట్టుకుంది. పక్కనున్న ఆవిడ తన చంటిపిల్లని ఇవతలి తొడ మీంచి అవతలి తొడ మీదికి మార్చుకుంది.

పీటలు ఇవ్వడానికి వచ్చిన పేరాచారి అది చూశాడు. పీటలు కింద పెట్టాడు. పందిరి మధ్యలోకి వచ్చాడు.

"తాతబ్బాయి గారి పెళ్ళిలో పీటలకి అంటుకుంది బెల్లం కాదు. నా వార్నిష్. అవిసె నూనె లేక ఆముదం రాశాను. పూత ఆరకుండానే పట్టుకొచ్చాను. మర్నాడే తెలిసింది నాకు. చెప్పలేదు."

మేళగాళ్ళు ఎవరి కొంప అంటుకున్నా వాయించడం ఆపని మనుషులు. వాళ్ళు ఆపేశారు. తాతబ్బాయి గారు ఏదో అనబోయి దగ్గాడు. ఆ దగ్గు చాలా చిన్నగా వచ్చింది, అంత గొంతులో అంత చిన్న దగ్గు ఉందని ఎవరికీ తెలియదు. మిగతా అందరూ పందిరి పైన తాటాకులు చూశారు.

వరహాలమ్మ గారు లేచి ఇంటికి వెళ్ళిపోయింది. ఎవరి వైపూ చూడలేదు.

మర్నాడు పేరాచారి ఆవిడ గుమ్మం ముందు నిలబడ్డాడు. ఈసారి మజ్జిగ ఇవ్వలేదు.

"ఎన్నాళ్ళయింది?" అని అడిగింది.

"తొమ్మిది నెలలు పిన్నిగారూ."

"తొమ్మిది నెలలూ రోజూ ఈ గుమ్మం ముందు నుంచే కదా పనికి వెళ్ళావు."

ఆవిడ తలుపు వేసుకుంది. తలుపు కిర్రుమంది.

ఇప్పుడు నువ్వు ఏమనుకుంటావో నాకు తెలుసు. ఊరంతా ఆవిడ ఇంటికి వెళ్ళి, తప్పయింది తల్లీ అని, బొట్టు పెట్టి పిలుచుకున్నారు అనుకుంటావు. పేరాచారిని నిలబెట్టి దులిపేశారు అనుకుంటావు. నీకు ఏడేళ్ళు, అనుకో.

పేరాచారిని ఎవరూ ఏమీ అనలేదు. ఊళ్ళో వడ్రంగి అతనొక్కడే. అందరి ఇళ్ళలోనూ ఏదో ఒక మంచం కోడు ఊగుతూనే ఉంది.

వరహాలమ్మ గారిని మాత్రం ఇదివరకటి కంటే ఎక్కువ తప్పించుకు తిరిగారు. ఆవిడ ఎదురొస్తే పక్క సందులోకి తిరిగేవారు. ఆ సందులో వాళ్ళకి ఏ పనీ ఉండేది కాదు. జ్యేష్ఠంలో ఇంకో పెళ్ళి అయింది. కుంకుమ భరిణె ఆవిడ గుమ్మం దాకా వచ్చింది, నిలబడింది, వెనక్కి వెళ్ళిపోయింది. ముందేమో ఆవిడ చెయ్యి మంచిది కాదని పిలవలేదు. ఇప్పుడేమో వీళ్ళకి మొహాలు చెల్లక పిలవలేదు. గుమ్మంలో కూర్చున్న మనిషికి రెండూ ఒకలాగే ఉంటాయి.

పేరాచారికి ఇది తెలిసింది. తను నిజం చెప్పినా ఆవిడకి ఏమీ తిరిగి రాలేదని తెలిసింది. అప్పటి నుంచీ ఆవిడ వీధిలోంచి వెళ్ళడం మానేసి, చుట్టూ తిరిగి చేలగట్టు మీంచి వెళ్ళేవాడు.

మళ్ళీ శ్రావణం వచ్చింది. మళ్ళీ పీటలు అడిగారు. పేరాచారి పనస చెక్క తెచ్చి, చిత్రిక పట్టి, రుద్ది, ఈసారి అవిసె నూనె రాశాడు. రెండు రోజులు ఆగాడు. వాన పడుతోంది. ఆరిందా లేదా అని చూడాలి. బొటనవేలు పెట్టడానికి భయం వేసింది. అలాగే పీటల ముందు నిలబడి ఉన్నాడు.

అప్పుడు, మళ్ళీ పెళ్ళిపీటలు చేస్తున్నాడని విని, పాక ముందుకి వరహాలమ్మ గారు వచ్చింది. గొడుగు ముడిచి చూరుకి తగిలించింది. లోపలికి వచ్చి, అప్పడాలు ఎండాయో లేదో చూసినట్టు, చేతిని తిప్పి వేళ్ళ వెనక వైపుతో పీటని తాకింది. ఆ చేతిని చెంపకి ఆనించుకుంది.

"ఆరలేదు," అంది. "ఎల్లుండి వస్తాను. అందాకా ముట్టుకోకు."

ఎల్లుండి వచ్చింది. అప్పుడు ఆరింది అంది. చాప లాక్కుని కూర్చుని, గుడ్డ తీసుకుని, తనే రెండో పూత రాసింది. చెక్క మీద గీతలు ఎటు వాలితే అటు, సన్నికల్లు మీద నూరినంత నెమ్మదిగా. రాసి, మిగిలిన నూనెంతా పొడి గుడ్డతో తుడిచేసింది. నాలుగు రోజులు ఆగి మూడో పూత. ఆ పీటల మీద కూర్చున్న వాళ్ళు లేవమనగానే లేచారు.

ఆ తర్వాత ఆ ఊళ్ళో పీటలకీ, తలుపులకీ, ఉయ్యాల బల్లలకీ పూతలు వేసేది వరహాలమ్మ గారే. దేనికి నూనె, దేనికి లక్క అని పేరాచారి చెబుతాడు. ఆరిందో లేదో ఆవిడ చెబుతుంది.

ఊళ్ళో వాళ్ళు చివరికి సిగ్గు దిగమింగి మూడుసార్లు బొట్టు పెట్టి పిలిచారు, జీలకర్ర బెల్లం నూరి పెట్టమని. మూడుసార్లూ ఆవిడ బొట్టు పెట్టించుకుంది. మూడుసార్లూ, చేతికి లక్క అంటుకుని ఉంది, వేరే ఎవరినైనా చూసుకోండి అంది. ఇప్పుడు తాతబ్బాయి గారి భార్య నూరుతోంది. పెళ్ళికూతుళ్ళ కళ్ళల్లోకి కారుతుంది. ఎవరూ ఏమీ అనరు.

క్షమించానని వరహాలమ్మ గారు ఎప్పుడూ అనలేదు. పేరాచారీ అడగలేదు. ఆవిడ పాకలోకి రాగానే అతను లేచి నిలబడతాడు. ఆవిడ పని చేసినంతసేపూ పక్కన నిలబడే గుడ్డలు అందిస్తాడు. కూర్చోమని ఆవిడ అనదు.

ఎప్పటికైనా కూర్చున్నాడా అంటావా? నాకు తెలిసినంతవరకూ లేదు.

కథేమో కంచికి దారి పట్టింది,
కన్నేమో రెప్పకి గడియ పెట్టింది.
పూసిన పూతేమో నిదానంగా ఆరింది,
కొట్టిన ఊ కాస్తా దిండు కిందికి జారింది.